మాక్ డ్రిల్ ‘విజయవంతం’ అంటే ఏమిటి? వైద్య స్పందనను కొలిచే లెక్కలు

2025 మే 7న సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ఆపరేషన్ అభ్యాస్ పేరుతో దేశమంతటా జరిగిన పౌర రక్షణ మాక్ డ్రిల్ అది. సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిలో జరిగింది. విశాఖపట్నంలోనూ జరిగింది.

తేదీ కలవడం యాదృచ్ఛికమే. కానీ సరిగ్గా ఐదేళ్ల ముందు, 2020 మే 7 తెల్లవారుజామున 3 గంటల వేళ, విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి కమ్ముకొచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది కింగ్ జార్జ్ ఆసుపత్రికి, చుట్టుపక్కల ఆసుపత్రులకు చేరారు. ఫ్యాక్టరీలో సైరన్ ఏర్పాటు ఉండి కూడా ఆ రాత్రి దాన్ని మోగించలేదని తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

మాక్ డ్రిల్ జరిగిన మర్నాడు పేపర్లో ‘విజయవంతం’ అనే మాట తరచూ కనిపిస్తుంది. అంబులెన్సులు వచ్చాయి, స్ట్రెచర్లు కదిలాయి, అధికారులు చూశారు. మరి అందులో ఎంతమంది ఉత్తుత్తి క్షతగాత్రులు ‘బతికారు’? ఎవరు లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు? ఈ వ్యాసం ఆ లెక్కల గురించి. చూడ్డానికి సులువుగా ఉంటాయి, లోపలికి వెళ్తే చాలా మెలికలున్నాయి.

గాయపడినవాళ్ల సంఖ్య కంటే ముఖ్యమైనది

ఎంతమంది గాయపడితే దాన్ని సామూహిక ప్రమాదం అనాలి? దీనికి ఒక స్థిరమైన అంకె లేదు. వచ్చిన పేషెంట్లకూ అక్కడున్న వనరులకూ మధ్య తేడాయే కొలత. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి ఒకేసారి 12 మంది వస్తే కాజువాల్టీ హడావుడిగా ఉంటుంది, అంతే. అదే 12 మంది ఏజెన్సీ ప్రాంతంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులున్న ఆరోగ్య కేంద్రానికి వస్తే అది విపత్తే.

మామూలు రోజుల్లో డాక్టరు ముందున్న పేషెంటుకు చేయగలిగినదంతా చేస్తాడు. విపత్తులో ఆ సూత్రం తిరగబడుతుంది. ఉన్న కొద్దిమందితో, ఉన్న కొద్ది రక్తంతో, ఉన్న రెండు ఆపరేషన్ థియేటర్లతో ఎక్కువ మందిని బతికించాలి. అందుకోసం ఎవరిని ముందు చూడాలో ఏరడాన్ని ట్రయాజ్ అంటారు. డ్రిల్‌లో వైద్య స్పందనను కొలవడమంటే చాలావరకు ఈ ఏరడం ఎంత సరిగ్గా జరిగిందో, ఆ తర్వాత మనిషి సరైన చోటికి వేళకు చేరాడో లేదో చూడడమే.

డ్రిల్ కూడా ఒక రకం కాదు. బల్ల చుట్టూ కూర్చుని ‘ఇప్పుడు ఇలా అయింది, మీరేం చేస్తారు’ అని మాట్లాడుకునేది టేబుల్‌టాప్. కంట్రోల్ రూమ్, ఫోన్లు, ఆదేశాలు నిజంగా నడుస్తాయి గానీ పేషెంట్లు కదలనిది రెండో రకం. రంగు పూసిన గాయాలతో వాలంటీర్లు రోడ్డు మీద పడుకుని, 108 అంబులెన్సులు నిజంగానే వచ్చి తీసుకెళ్లేది పూర్తిస్థాయి డ్రిల్. విమానాశ్రయాల్లో ఈ పూర్తిస్థాయి డ్రిల్ మామూలుగా రెండేళ్లకు మించకుండా జరగాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. ఆసుపత్రుల విషయంలో మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే సామూహిక క్షతగాత్రుల వైద్య నిర్వహణపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది.

నిమిషంలో ఒక మనిషికి ఒక రంగు

ట్రయాజ్ పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది స్టార్ట్. 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, న్యూపోర్ట్ బీచ్ ఫైర్ డిపార్ట్‌మెంటూ హోగ్ ఆసుపత్రీ కలిసి తయారుచేశాయి. ఒక్కో మనిషికి నిమిషం కంటే తక్కువే పట్టాలి.

ముందు ‘నడవగలిగినవాళ్లంతా ఇటు రండి’ అని కేక వేస్తారు. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ ట్యాగ్, అంటే చిన్న గాయాలవాళ్లు. మిగిలినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరిగా వెళ్తారు. ఊపిరి లేకపోతే గొంతు దారి తెరుస్తారు, అయినా రాకపోతే నలుపు, అంటే బతికే ఆశ లేనట్టు. దారి తెరిచాక ఊపిరి వస్తే ఎరుపు, అంటే అందరికంటే ముందు చూడాలి. నిమిషానికి 30కి మించి ఊపిరి తీస్తుంటే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతేనో, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు మించి పడితేనో ఎరుపు. ‘నా చెయ్యి నొక్కు’ అంటే నొక్కలేకపోతే ఎరుపు. ఇవన్నీ దాటినవాళ్లు పసుపు, అంటే కొంతసేపు ఆగగలరు.

డ్రిల్‌లో ప్రతి ఉత్తుత్తి పేషెంటు మెడలో ఒక కార్డు ఉంటుంది. ఊపిరి ఎంత, నాడి ఎంత, మాట్లాడతాడా లేదా అన్నీ అందులో రాసి ఉంటాయి. అతని ‘అసలు రంగు’ డ్రిల్ తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. సిబ్బంది వేసిన రంగును దానితో పోల్చి చూస్తే మార్కులు వస్తాయి. చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒకే డ్రిల్, రెండు శాతాలు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైవే మీద బస్సు, లారీ ఢీకొన్నట్టు డ్రిల్. 40 మంది క్షతగాత్రులు. కార్డుల ప్రకారం 8 మంది ఎరుపు, 12 మంది పసుపు, 18 మంది ఆకుపచ్చ, 2 నలుపు.

సిబ్బంది 14 మందికి ఎర్ర ట్యాగ్ వేశారు. అందులో 6 మందే నిజంగా ఎరుపు. మిగతా 8 మందికి అవసరం లేకుండా ఎరుపు పడింది. దీన్ని ఓవర్ ట్రయాజ్ అంటారు. నిజమైన ఎరుపుల్లో ఇద్దరు వేరే రంగుల్లోకి జారిపోయారు. ఇది అండర్ ట్రయాజ్.

ఇప్పుడు ఓవర్ ట్రయాజ్ ఎంత శాతం? ఎర్ర ట్యాగ్ పడిన 14 మందిలో 8 మంది తప్పు కాబట్టి 57 శాతం అని ఒక మూల్యాంకకుడు రాస్తాడు. ఇంకొకరు, నిజంగా ఎరుపు కానివాళ్లు మొత్తం 32 మంది, అందులో 8 మందికే తప్పు పడింది కాబట్టి 25 శాతం అంటారు. ఇద్దరి లెక్కా సరైనదే. అండర్ ట్రయాజ్ కూడా అంతే: 8 మంది నిజమైన ఎరుపుల్లో ఇద్దరు తప్పిపోయారంటే 25 శాతం, ఎరుపు పడని 26 మందిలో ఇద్దరంటే 8 శాతం లోపే.

రెండు జిల్లాల డ్రిల్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి ‘వీళ్లు బాగా చేశారు, వాళ్లు చేయలేదు’ అనే ముందు, హారంలో ఏ సంఖ్య వేశారో చూడాలి. ఆ సంఖ్య రాయకుండా శాతం మాత్రమే ఇచ్చిన రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే.

నిజ సంఘటనల్లో ఈ లెక్క ఎలా ఉంటుందో చెప్పడానికి లండన్ మంచి ఉదాహరణ. 2005 జూలై 7న అక్కడి మెట్రో రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలినప్పుడు 775 మంది బాధితులయ్యారు. వైద్యుల బృందం తర్వాత చేసిన అధ్యయనం ప్రకారం 55 మందిని అత్యవసరంగా పంపారు, వాళ్లలో తీవ్రంగా గాయపడినవాళ్లు 20 మంది. అంటే 55లో 35, సుమారు 64 శాతం ఓవర్ ట్రయాజ్. అనుభవమున్న వైద్య బృందాలు ముందుగా చేరి ట్రయాజ్ చేసిన చోట ఇది తక్కువగా ఉంది.

అవసరం లేనివాళ్లను ముందు పంపితే నష్టమేమిటి, జాగ్రత్త మంచిదే కదా అనిపిస్తుంది. మామూలు రోజుల్లో అది నిజమే. అమెరికా ట్రామా సర్జన్ల ప్రమాణాల్లో అండర్ ట్రయాజ్ 5 శాతం లోపు ఉంచడానికి ఓవర్ ట్రయాజ్ 25 నుంచి 35 శాతం దాకా ఉన్నా ఫరవాలేదని ఉంది. కానీ ఆ ప్రమాణం రోజువారీ ప్రమాదాల కోసం పుట్టింది. వనరులు చాలని రోజున 8 మంది అనవసరపు ఎరుపులు థియేటర్ ముందు వరుసలో నిలబడితే, వాళ్ల వెనక నిజమైన ఎరుపు ఆగిపోతుంది. బాంబు దాడుల వివరాలను పోల్చి చూసిన అమెరికన్ సర్జన్ ఎరిక్ ఫ్రైక్‌బర్గ్, ఓవర్ ట్రయాజ్ పెరిగిన చోట తీవ్రంగా గాయపడినవాళ్ల మరణాలూ పెరిగాయని 2002లో చూపించారు. అయితే ఆసుపత్రిలో వనరులు సరిపడా ఉంటే అంత నష్టం ఉండకపోవచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. అందుకే ఒకే శాతాన్ని పెద్ద నగరానికీ మారుమూల పట్టణానికీ పాస్ మార్కుగా పెట్టడం కష్టం.

సగటు సమయం వెనక దాగే పేషెంట్లు

రిపోర్టుల్లో అందరూ ఇష్టపడే అంకె సమయం. ‘క్షతగాత్రులను సగటున 40 నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చాం.’ వినడానికి బాగుంటుంది.

అదే 40 మందితో, ఈసారి రంగులన్నీ సరిగ్గా వేసిన ఇంకో డ్రిల్ అనుకుందాం. నలుపు ఇద్దరినీ పక్కన పెడితే 38 మంది. ఆకుపచ్చ 18 మంది ఒక బస్సెక్కి 20 నిమిషాల్లో చేరారు. పసుపు 12 మందికి 50 నిమిషాలు పట్టింది. ఎరుపు 8 మందికి 70 నిమిషాలు. మొత్తం కూడి 38తో భాగిస్తే సగటు సరిగ్గా 40 నిమిషాలే. అందరికంటే ముందు చేరాల్సినవాళ్లు అందరికంటే ఆఖరున చేరిన డ్రిల్ ఇది. రంగుల వారీగా విడదీయకపోతే ఈ సంగతి కాగితం మీద కనిపించదు.

ఇది కల్పించిన సమస్య కాదు. నిజమైన ప్రమాదాల్లో నడవగలిగినవాళ్లు ఎవరి కోసమూ ఆగరు. ఆటో ఎక్కుతారు, బైకు వెనక కూర్చుంటారు, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లిపోతారు. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలినప్పుడు సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. చాలామంది అంబులెన్సులో రాలేదు, సొంతంగా వచ్చారు. అలా వచ్చినవాళ్ల మెడలో ట్యాగ్ లేదు, లోపలికి రాకముందు బట్టలు మార్పించలేదు. ఆ బట్టల మీది విషానికి ఆసుపత్రి సిబ్బంది కూడా కొందరు అస్వస్థులయ్యారు.

కాబట్టి విశాఖ, హైదరాబాద్ లాంటి పారిశ్రామిక నగరాల్లో జరిగే రసాయన డ్రిల్‌లో కొలవాల్సినది అంబులెన్సు వేగం ఒక్కటే కాదు. ట్యాగ్ లేకుండా గేటు దగ్గరికి వచ్చిన 50 మందిని సెక్యూరిటీ గార్డు ఎటు పంపాడు? బట్టలు మార్పించి, నీళ్లతో కడిగే చోటు కాజువాల్టీ తలుపుకు ఇవతల ఉందా, లోపల ఉందా? అన్ని ‘క్షతగాత్రులూ’ క్రమంగా అంబులెన్సుల్లోనే వచ్చే డ్రిల్‌లో ఈ ప్రశ్నలు పుట్టవు.

పని జరిగిందా, మనిషి దక్కాడా

మూల్యాంకనంలో పెద్ద చీలిక ఇదే. ఒక వర్గం పనుల జాబితా పట్టుకుని చూస్తుంది. మొదటి బృందం ఎన్ని నిమిషాల్లో సంఘటన స్థలం నుంచి రిపోర్టు పంపింది? అక్కడి వైద్య నాయకుడు ఎవరో అందరికీ తెలిసిందా? ఆసుపత్రులకు ముందుగా కబురు వెళ్లిందా? స్వీడన్ పరిశోధకులు ఇలాంటి సూచికలకు నిమిషాల్లో గడువు పెట్టి, ఒక్కోదానికి 0, 1, 2 అని మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. దీని బలం స్పష్టత. ఏది ఆలస్యమైందో వేలు పెట్టి చూపించవచ్చు.

రెండో వర్గం, అవన్నీ సరిగ్గా జరిగినా పేషెంటు పోతే ఏం లాభం అంటుంది. స్వీడన్‌లోని లింషాపింగ్‌లోనే పుట్టిన ఎమర్గో ట్రైన్ అనే పద్ధతిలో వైట్‌బోర్డు మీద అయస్కాంతపు బొమ్మలే పేషెంట్లు, అంబులెన్సులు, సిబ్బంది. గడియారం నిజంగానే నడుస్తుంది. ప్రతి బొమ్మకూ ఇన్ని నిమిషాల్లో ఈ చికిత్స అందకపోతే చనిపోతాడు, లేదా కాలు పోతుంది అని ముందే రాసి ఉంటుంది. ఆఖరున ఆపగలిగీ ఆపలేకపోయిన మరణాలెన్నో లెక్క తేలుతుంది.

ఈ రెండో లెక్క మనసుకు సూటిగా తగులుతుంది. కానీ ఆ గడువుల్ని నిర్ణయించినది మనుషులే. కార్డు మీద ‘30 నిమిషాల్లో థియేటర్’ అని రాసినంత మాత్రాన నిజమైన మనిషి సరిగ్గా 31వ నిమిషంలో పోడు. పైగా బోర్డు మీద స్ట్రెచర్ చక్రం విరగదు, లిఫ్ట్ ఆగిపోదు. రోడ్డు మీద డ్రిల్‌లో అవన్నీ జరుగుతాయి. ఖర్చు చూస్తే మాత్రం బోర్డు డ్రిల్లు ఏడాదికి చాలాసార్లు చేయొచ్చు.

నా మట్టుకు నాకు ఈ రెండూ ఒకదానికొకటి పోటీ అనిపించవు. మనిషి లెక్క ‘ఏం పోయింది’ అని చెబుతుంది, పనుల లెక్క ‘ఎక్కడ పోయింది’ అని చెబుతుంది.

ఇక చూసే మనిషి సంగతి. ఒకే మూలలో నిలబడిన ఇద్దరు పరిశీలకులు ఒకే సంఘటనకు వేర్వేరు మార్కులు వేయడం మామూలే. ‘సమన్వయం బాగుంది’ లాంటి వాక్యానికి 5కి 4 వేయడం అభిప్రాయం. ‘రెండో ఎరుపు పేషెంటుకు రక్తం ఎక్కించడం 10:42కి మొదలైంది’ అని రాయడం ఆధారం. సొంత సూపరింటెండెంట్ చేస్తున్న పనికి సొంత సిబ్బందే మార్కులు వేయాల్సి వస్తే ఆ టెన్షన్ కాగితం మీదికి దిగుతుంది. అందుకే పరిశీలకులు బయటి ఆసుపత్రి నుంచి వస్తే మేలని చెబుతారు. ఆ ఆసుపత్రి లోపలి పద్ధతులు తెలియక బయటివాళ్లు తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం కూడా ఉంది.

చెప్పి చేయాలా, చెప్పకుండా చేయాలా

ముందుగా చెప్పి చేసే డ్రిల్‌లో అందరూ సిద్ధంగా ఉంటారు. మంచాలు ఖాళీ చేసి ఉంచుతారు, సీనియర్ డాక్టర్లంతా హాజరవుతారు, స్ట్రెచర్లు వరుసగా నిలబెడతారు. అలాంటి డ్రిల్ నేర్పడానికి పనికొస్తుంది. కొత్తగా చేరిన నర్సుకు ట్యాగ్ ఎలా కట్టాలో, ఎర్ర జోన్ ఎక్కడో తెలుస్తుంది. కానీ దాన్నిబట్టి ఆసుపత్రి అసలు శక్తిని అంచనా వేయలేం.

వెంకటాపురంలో గ్యాస్ వచ్చింది తెల్లవారుజామున 3 గంటలకు, అదీ లాక్‌డౌన్ రోజుల్లో. ఆ వేళకు ఏ ఆసుపత్రిలోనైనా ఉండేది డ్యూటీ డాక్టర్లే. మిగతావాళ్లను ఫోన్లు చేసి నిద్ర లేపాలి. ఉదయం 11 గంటల డ్రిల్ ఎంత బాగా జరిగినా ఈ సంగతి పరీక్షకు రాదు.

అయితే చెప్పకుండా చేయాలనే వాదనకూ హద్దుంది. ప్రభుత్వ ఆసుపత్రి కాజువాల్టీలో నిజమైన పేషెంట్లు ఎప్పుడూ ఉంటారు. ఉత్తుత్తి గాయం కోసం డాక్టరు పరుగెత్తిన ఆ 20 నిమిషాల్లో నిజమైన గుండెపోటు పేషెంటుకు ఆలస్యమైతే? అందుకే కొన్నిచోట్ల మధ్యేమార్గం పడతారు. రాత్రిపూట చెప్పకుండా ఫోన్లు మాత్రం చేస్తారు. ఎంతమంది ఎత్తారు, ఎంతసేపట్లో రాగలమన్నారు అని రాసుకుంటారు. పేషెంటు ఒక్కరూ కదలరు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు, తెలిసేది మాత్రం చాలా.

డ్రిల్‌లో బాగా చేసినవాళ్లు నిజంగానూ చేస్తారా

దీనికి గట్టి జవాబు దొరకడం కష్టం. పెద్ద విపత్తులు అరుదు. డ్రిల్ చేసిన ఊరునూ చేయని ఊరునూ ఒకే ప్రమాదంలో పెట్టి పోల్చలేం.

డ్రిల్లు ఉపయోగమనేవాళ్లు సూ సిటీ పేరు చెబుతారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న ఆ ఊళ్లో 1987లో పెద్ద విమానం కూలినట్టు డ్రిల్ చేశారు. అంత పెద్ద విమానాలు మామూలుగా అక్కడికి రావు. 1989 జూలై 19న యునైటెడ్ 232 విమానం 296 మందితో అక్కడే కూలింది, 184 మంది బతికారు. డ్రిల్ నేర్పిన పాఠాలు అక్కరకొచ్చాయని అక్కడివాళ్లు చెప్పారు. అయితే అదృష్టమూ కలిసొచ్చింది: ఆసుపత్రుల్లో అప్పుడే షిఫ్టు మారుతోంది కాబట్టి రెండు షిఫ్టుల సిబ్బందీ అందుబాటులో ఉన్నారు. ఇందులో డ్రిల్ వాటా ఎంత, షిఫ్టు వాటా ఎంత అని విడదీయలేం.

అనుమానించేవాళ్లకు లండన్ ఉంది. 2003లో అక్కడి బ్యాంక్ స్టేషన్‌లో పెద్ద డ్రిల్ జరిగింది. అయినా 2005 పేలుళ్ల రోజు భూగర్భంలో పనిచేసేవాళ్లు రేడియోలో పైవాళ్లతో మాట్లాడలేకపోయారు. 1987లో కింగ్స్ క్రాస్ స్టేషన్ అగ్నిప్రమాదం తర్వాత జరిగిన విచారణలోనే ఈ లోపం బయటపడింది. అన్నేళ్లయినా సరిచేయలేదని లండన్ అసెంబ్లీ కమిటీ 2006లో తప్పుపట్టింది. లోపం తెలియక కాదు, తెలిసిన లోపం అలాగే ఉండిపోయింది.

కనిపెట్టిన తప్పు ఎక్కడికి వెళ్తుంది

డ్రిల్ ముగిసిన వెంటనే, అలసట తీరకముందే, అందరూ అక్కడే కూర్చుని మాట్లాడుకుంటారు. దీనికి హాట్ వాష్ అని పేరు. వార్డు బాయ్ నుంచి సూపరింటెండెంట్ దాకా అందరూ ఉండాలి. ఎందుకంటే ఏ లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదో వార్డు బాయ్‌కే తెలుసు. తర్వాత కొన్ని వారాల్లో రాతపూర్వక రిపోర్టు వస్తుంది. అందులో ప్రతి లోపం పక్కన ఎవరు సరిచేయాలి, ఏ తేదీలోపు అన్నవి ఉండాలి. మార్కులు బయటపెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలని వాదన. బయటపెడితే జవాబుదారీ పెరుగుతుందని కొందరంటారు. మార్కుల భయం ఉంటే తప్పుల్ని దాచేస్తారని, సులువైన డ్రిల్లే చేస్తారని మరికొందరంటారు. రెండో భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఒక్క తప్పూ దొరకలేదని రాసిన రిపోర్టు చూస్తే ముందు ఆ డ్రిల్ ఎంత కష్టంగా పెట్టారనే అడగాలనిపిస్తుంది.

మన ఉదాహరణలోని 40 మంది దగ్గరికి మళ్లీ వెళ్దాం. వాళ్లలో ఇద్దరు నిజమైన ఎరుపులు తప్పిపోయారు. 25 శాతం అని రాసి వదిలేయకుండా ఆ రెండు కార్డులూ తీసి చూశారనుకుందాం.

మొదటి కార్డు ఆరేళ్ల పాపది. ఊపిరి లేదు, నాడి ఉంది. సిబ్బంది గొంతు దారి తెరిచారు, ఊపిరి రాలేదు, నల్ల ట్యాగ్ కట్టారు. స్టార్ట్ ప్రకారం వాళ్లు చేసింది సరైనదే. కానీ స్టార్ట్ పెద్దవాళ్ల కోసం తయారైంది. పిల్లల కోసం 1995లో వచ్చిన జంప్‌స్టార్ట్‌లో, నాడి ఉండి ఊపిరి లేని బిడ్డకు ఐదుసార్లు శ్వాస ఊదమని ఉంది. అప్పుడు ఊపిరి అందుకుంటే ఎరుపు. ఈ పాప కార్డు వెనక సరిగ్గా అదే రాసి ఉంది.

రెండో కార్డు నలభై ఏళ్ల లారీ క్లీనర్‌ది. ఛాతీకి దెబ్బ. కేక వేయగానే నడిచి వచ్చాడు, ఆకుపచ్చ పడింది. పదిహేను నిమిషాలకు ఊపిరి 36కి పెరుగుతుందని కార్డు రెండో పేజీలో ఉంది. అప్పటికి ఆకుపచ్చ గుంపు దగ్గర ఎవరూ లేరు. ఆ పేజీ తిప్పి చూసినవాళ్లు లేరు.

ఒకటి శిక్షణ లోపం, రెండోది మనిషిని నిలబెట్టకపోవడం. రెండింటికీ మందు వేరు. వచ్చే డ్రిల్‌లో ఎనిమిది ఎర్ర కార్డుల మధ్య మళ్లీ ఒక పాప కార్డూ, నడవగలిగిన ఛాతీ దెబ్బ కార్డూ పెట్టి, ఆకుపచ్చ గుంపు దగ్గర గడియారం పట్టుకుని ఒక పరిశీలకుడిని నిలబెట్టాలి.